నార్వేలో ఏ నెలలో ఏం తింటారు? అక్కడ ఉంటున్నవాళ్లు చెప్పండి

కృష్ణాతీరం, స్టవాంగర్ (సెప్టెంబర్ 20)

అందరికీ నమస్కారం. మావారి ఉద్యోగం వల్ల ఆగస్టులో స్టవాంగర్ వచ్చాం. మన వంటకి లోటు లేదు, కందిపప్పు, సోనామసూరి, చింతపండు అన్నీ దొరుకుతున్నాయి. నేను తెలుసుకోవాలనుకుంటున్నది ఇక్కడివాళ్ల తిండి గురించి. నెట్‌లో వెతికితే సాల్మన్, బంగాళాదుంప, బ్రెడ్ అని మూడు ముక్కల్లో తేల్చేస్తున్నారు. షాపులో చూస్తే అలా లేదు. ఆగస్టులో తలుపు దగ్గర పెట్టిన సరుకు ఇప్పుడు లేదు. ఈ వారం ఎముకతో కొట్టిన గొర్రె మాంసం, దాని పక్కన క్యాబేజీ గుట్ట, దాని పక్కన మిరియాల డబ్బాలు. వచ్చినవాళ్లు ఆ మూడూ కలిపి పట్టుకెళ్తున్నారు.

పక్కింటి పెద్దావిడ వచ్చే గురువారం ఫోరికోల్ తినడానికి రమ్మన్నారు. గురువారమే ఎందుకని అడిగితే "ఆ రోజే కదా తినేది" అన్నారు.

ఇక్కడ కాలాన్ని బట్టి తిండి ఎలా మారుతుంది, ఎందుకు మారుతుంది, కాస్త వివరంగా చెప్పగలరా? మా ఇంటి సంగతి కూడా చెప్తాను. బీఫ్ తినం. పోర్క్ మావారు తింటారు, నేను తినను. డిసెంబర్‌లో మా అత్తగారు వస్తున్నారు, ఆవిడ గుడ్డు కూడా ముట్టరు.

బెర్గెన్‌వాన, బెర్గెన్ (సెప్టెంబర్ 20)

పెద్దావిడ పిలిచారంటే తప్పకుండా వెళ్లండమ్మా. ఫోరికోల్ అంటే మీరు షాపులో చూసిన ఆ గొర్రె మాంసం, క్యాబేజీ, మిరియాలు కలిపి వండేదే. సెప్టెంబర్ ఆఖరి గురువారం ఫోరికోల్ రోజు. 1972లో రేడియో శ్రోతలు దీన్ని జాతీయ వంటకంగా ఎంచుకున్నారు. 2014లో మళ్లీ పోటీ పెడితే మళ్లీ ఇదే గెలిచింది.

ఈ నెలలోనే ఎందుకంటే గొర్రెలు ఇప్పుడే కొండ దిగుతాయి. వేసవి మొదట్లో మందల్ని కొండల మీదికి వదిలేస్తారు, శరత్కాలం దాకా అక్కడే మేస్తాయి. పిల్లలతో కలిపి అలా మేతకెళ్లేవి దేశం మొత్తం మీద 20 లక్షల దాకా ఉంటాయి. సెప్టెంబర్‌లో ఇంటిల్లిపాదీ, చుట్టుపక్కలవాళ్లూ, కుక్కలూ కలిసి కొండంతా గాలించి వాటిని దింపుకొస్తారు. చలికాలమంతా కొట్టంలో పెట్టి మేపాలంటే దాచిన గడ్డి చాలదు. అందుకని పెంచుకోవలసినవి ఉంచుకుని మిగతావి కోస్తారు. క్యాబేజీ కోతకొచ్చేదీ అప్పుడే. రెండూ ఒకేసారి చేతికొస్తాయి కాబట్టి ఒకే గిన్నెలో పడ్డాయి.

వండే తీరు చూస్తే తేలికే, ఓపిక మాత్రం కావాలి. మందపాటి గిన్నె అడుగున కొవ్వున్న ముక్కల్ని, కొవ్వు కిందికి వచ్చేలా పరుస్తారు. మీద క్యాబేజీ పెద్ద పెద్ద చెక్కలు. మధ్య కాడ తీయకుండా కోస్తే ఆకులు విడిపోవు. ఉప్పు, మిరియాలు గింజలుగానే. మళ్లీ మాంసం, మళ్లీ క్యాబేజీ. కిలోన్నర మాంసానికి కిలోన్నర క్యాబేజీ, నాలుగు చిన్న చెంచాల మిరియాలు, గ్లాసున్నర నీళ్లు. చిన్న మంట మీద రెండు, రెండున్నర గంటలు, మాంసం ఎముకని వదిలేదాకా. ఉల్లి, అల్లం, తాళింపు ఏమీ లేవు. మొదట చప్పగా అనిపిస్తుంది. గిన్నె అడుగు రసం బంగాళాదుంప మీద పోసుకుని తినండి, రుచంతా అందులో ఉంటుంది. మర్నాడు వేడి చేసుకుంటే ఇంకా బాగుంటుంది.

ఓరుగల్లు_ఓస్లో, ఓస్లో (సెప్టెంబర్ 21)

బెర్గెన్ అక్క చెప్పింది బాగుంది. కానీ కొత్తగా వచ్చినవాళ్లకి రోజువారీ సంగతి కూడా చెప్పాలి కదా. నార్వేవాళ్లు శుక్రవారం టాకో (మెక్సికో వంటకం) తింటారు. చాలా ఇళ్లలో, చిన్నపిల్లలతో సహా. ఫ్రీజర్‌లో గ్రాండియోసా పిజ్జా ఉంటుంది, 1980 నుంచి స్ట్రాండా అనే ఊళ్లో తయారవుతోంది. మధ్యాహ్నం ఆఫీసులో కాగితంలో చుట్టిన బ్రెడ్ ముక్కలు, వాటి మధ్య జున్నో సాసేజో, ముక్కకీ ముక్కకీ మధ్య పల్చటి కాగితం. సాయంత్రం నాలుగైదు గంటలకల్లా డిన్నర్ అయిపోతుంది. సంప్రదాయ వంటకాలు తినేది ఏడాదిలో కొద్ది రోజులే. అది తెలియకపోతే రేపు ఆఫీసులో లంచ్ టైమ్‌కి వేడి అన్నం కోసం చూస్తూ కూర్చోవాలి.

బెర్గెన్‌వాన, బెర్గెన్ (సెప్టెంబర్ 21)

తమ్ముడూ, టాకో మాట నిజం. కానీ "కొద్ది రోజులే" అన్నది నేను ఒప్పుకోను. వారానికి కూడా ఇక్కడ ఒక లెక్క ఉంది. పశ్చిమ తీరంలో గురువారం అంటే కొమ్లె. పచ్చి బంగాళాదుంప తురిమి, బార్లీ పిండి కలిపి, పిడికిలంత ఉండలు చేసి, ఉప్పు పట్టించిన గొర్రె మాంసం ఉడికిన నీళ్లలోనే ఉడికిస్తారు. మధ్యాహ్నం చాలా క్యాంటీన్లలో అదే పెడతారు. శనివారం చాలా ఇళ్లలో పాలతో వండిన బియ్యం జావ. ఎవరో పండగకి మాత్రమే తీసే వంటలు కావివి.

పైగా ఏది ఎప్పుడు తినాలో వాళ్ల మనసులో ఎంత గట్టిగా ఉంటుందో చూడండి. క్రిస్మస్‌కి తినే మాంసం జూలైలో పెట్టండి, ఎవరూ వద్దనరు, కానీ ఎవరికీ ఆకలి పుట్టదు. ఈ దేశంలో తిండికి రుచి సగం ఎదురుచూపుల వల్లే వస్తుందని నా నమ్మకం.

కృష్ణాతీరం, స్టవాంగర్ (సెప్టెంబర్ 27)

ఫోరికోల్ తినొచ్చాం. పెద్దావిడ గిన్నె మూత తీయగానే మిరియాల వాసన ఇల్లంతా నిండింది. మా పాప మాంసం కంటే క్యాబేజీ ఎక్కువ తింది, అది ఇంట్లో ముట్టదు. మీరు చెప్పినట్టు రసం పోసుకుని తిన్నాం, మావారు రెండోసారి వడ్డించుకున్నారు.

తర్వాత కాఫీతో పాటు గోధుమ రంగు జున్ను పెట్టారు, హృదయాకారం వాఫెల్ మీద పల్చగా గీసి. తియ్యగా ఉంది! అదేమిటి? మా అత్తగారికి పెట్టొచ్చా?

పప్పుచారు, ట్రోన్‌హైమ్ (సెప్టెంబర్ 28)

అది బ్రూనోస్ట్. నేను పుట్టు శాకాహారిని, ఇక్కడ చలికాలాలు గడిచింది చాలావరకు దాని పుణ్యమే, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మామూలు జున్ను చేశాక మిగిలిన విరుగు నీళ్లని పారబోయకుండా గంటల తరబడి మరిగిస్తారు. నీరంతా పోయి పాలలోని చక్కెర గోధుమ రంగుకి తిరుగుతుంది. మన పాలకోవా కాచే పద్ధతే, కాకపోతే పాలకి బదులు విరుగు నీళ్లు. పూర్వం ఈ నీళ్లతో చేసినది కొవ్వు లేక గట్టిగా ఉండేది. 1863లో గుడ్‌బ్రాండ్స్‌డాలెన్ లోయలో ఆన్నె హోవ్ అనే ఆవిడ అందులో మీగడ కలిపి చూసింది. ధాన్యం ధరలు పడిపోయి రైతులు చితికిపోతున్న రోజుల్లో ఆ లోయని ఈ జున్నే నిలబెట్టిందని అక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. మేకపాలు కలిపిన రకం ఘాటుగా ఉంటుంది, మొదట ఆవుపాలదే కొనండి.

దీనిలో ఎంత కొవ్వు, ఎంత చక్కెర ఉన్నాయంటే 2013 జనవరిలో ఉత్తరాన బ్రాట్లి సొరంగంలో 27 టన్నుల బ్రూనోస్ట్ తీసుకెళ్తున్న లారీకి నిప్పంటుకుంటే రోజుల తరబడి ఆరలేదు.

దాన్ని కత్తితో కోయకండి, ముక్కలవుతుంది. మధ్యలో చీలిక ఉన్న గరిటెలాంటి పరికరం ప్రతి ఇంట్లో ఉంటుంది. లిల్లెహామర్ వడ్రంగి థోర్ బ్యోర్క్‌లుండ్ 1925లో పేటెంట్ తీసుకున్నాడు. దానితో పైనుంచి గీస్తే కాగితమంత పల్చటి పొర వస్తుంది.

అత్తగారి విషయం. ఇందులో గుడ్డు ఉండదు, కానీ ఆ వాఫెల్ పిండిలో ఉంటుంది. జున్ను విరవడానికి జంతువుల నుంచి తీసిన రెన్నెట్ వాడి ఉండొచ్చు. ఆవిడకి ఆ పట్టింపు ఉంటే తయారీ కంపెనీకి ఈమెయిల్ పెట్టి అడగండి, జవాబిస్తారు. క్రిస్మస్ మెనూ సంగతి డిసెంబర్ దగ్గర పడ్డాక రాస్తాను, అందులో చూసుకోవలసినవి చాలా ఉన్నాయి.

చేపలశాస్త్రం, కాకినాడ (అక్టోబర్ 9)

నేను మత్స్యశాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఉప్పు వెయ్యకుండా చేపని ఎండబెడతారని చదివాను, లోఫోటెన్ దీవుల్లో. మా తీరంలో ఉప్పు పట్టించకుండా పెద్ద చేప ఎండబెడితే ఎండేలోపే కుళ్లుతుంది. అక్కడ ఎలా సాధ్యమవుతోంది? దగ్గర నుంచి చూసినవాళ్లు ఉంటే చెప్పగలరు.

ఉత్తరదిక్కు, ట్రొమ్సో (అక్టోబర్ 10)

నమస్కారం సార్. చాలా మంచి ప్రశ్న, నార్వే తిండి చరిత్రంతా అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు.

బారెంట్స్ సముద్రంలో పెరిగిన కాడ్ చేపలు గుడ్లు పెట్టడానికి జనవరి నుంచి ఏప్రిల్ మధ్య లోఫోటెన్‌కి వస్తాయి. వలస వచ్చే ఈ చేపని స్క్రై అంటారు. అంత దూరం ఈదడం వల్ల కండ గట్టిగా, తెల్లగా ఉంటుంది. పట్టిన వెంటనే తల తీసి, పొట్ట శుభ్రం చేసి, రెండేసి చేపల్ని తోక దగ్గర కట్టి, చెక్క దూలాల మీద వేలాడదీస్తారు. ఫిబ్రవరి నుంచి మే దాకా అలాగే ఉంటాయి. అసలు కిటుకు అక్కడి వాతావరణంలో ఉంది. ఆర్కిటిక్ వృత్తానికి పైన ఉన్నా గల్ఫ్ స్ట్రీమ్ వెచ్చదనం వల్ల ఆ నెలల్లో అక్కడ సున్నా డిగ్రీలకి అటూ ఇటూ తిరుగుతుంది. మరీ గడ్డకడితే మంచు కండని చీల్చేస్తుంది, వేడెక్కితే ఈగలు వాలతాయి. ఆ రెండూ లేని చలిలో సముద్రపు గాలి మెల్లగా తేమని లాగేస్తుంది. ఎండేసరికి చేపలో ఉన్న నీరు దాదాపు 80 శాతం పోతుంది. చేత్తో పట్టుకుంటే కట్టెలా ఉంటుంది, రెండు చేపల్ని కొట్టి చూస్తే చెక్కల చప్పుడే వస్తుంది. ఏళ్ల తరబడి చెడదు.

వెయ్యేళ్లుగా నార్వే దీన్ని ఎగుమతి చేస్తోంది. 1432లో పియెత్రో క్వెరీనీ అనే వెనిస్ నావికుడు ఓడ పగిలి రోస్ట్ దీవికి కొట్టుకొచ్చాడు. అక్కడి జాలరులు అతన్ని, అతని మనుషుల్ని నెలల తరబడి పోషించారు. అతను వెళ్తూ ఈ ఎండు చేపల్ని వెంట తీసుకెళ్లాడు. ఇప్పటికీ మేలు రకం ఎక్కువగా ఇటలీకే వెళ్తుంది.

తలల సంగతి మీకు నచ్చుతుంది. వాటిని విడిగా ఎండబెట్టి నైజీరియాకి పంపుతారు, అక్కడ పులుసుల్లో వేస్తారు. అంతకుముందు తలల్లోంచి నాలుకలు కోసేది ఊళ్లోని పిల్లలు. స్కూలయ్యాక రబ్బరు ఆప్రన్ వేసుకుని, నిలువుగా పాతిన ఇనుప మొనకి తల గుచ్చి, ఒక్క కోతతో నాలుక తీసి బకెట్లో వేస్తారు. అమ్మిన డబ్బు వాళ్లదే, సీజన్‌లో గట్టిగానే సంపాదిస్తారు. నాలుకలకి పిండి పట్టించి వెన్నలో వేయిస్తారు, బయట కరకర, లోపల మెత్తగా.

తాజా స్క్రై తినే కాలం జనవరి నుంచి మార్చి. చేప ముక్కలు ఉప్పు నీళ్లలో, కాలేయం ఉల్లిపాయతో, గుడ్ల సంచి కాగితంలో చుట్టి, మూడూ విడివిడిగా ఉడికించి బంగాళాదుంపతో వడ్డిస్తారు. దాన్ని మోల్యె అంటారు. ట్రొమ్సోలో నవంబర్ ఆఖరు నుంచి జనవరి మధ్య దాకా సూర్యుడు ఉదయించడు. ఎండ లేని చోట విటమిన్ డి ఎక్కడి నుంచి వస్తుంది? ఈ కాలేయంలోంచే. శాస్త్రం ఆ పేరు పెట్టకముందే వాళ్లకి అనుభవం మీద తెలుసు. ఇప్పటికీ సెప్టెంబర్ నుంచి ఏప్రిల్ దాకా పొద్దున్నే చెంచాడు కాడ్ లివర్ ఆయిల్ పిల్లలకి పట్టిస్తారు.

చేపలశాస్త్రం, కాకినాడ (అక్టోబర్ 10)

ధన్యవాదాలు. ఇప్పుడర్థమైంది. మేము తేమని ఉప్పుతో లాగుతాం, వాళ్లు గాలికి వదిలేస్తారు. పైగా చలి వల్ల బ్యాక్టీరియా పెరగడానికి వీలుండదు. ఇలాంటి వాతావరణం ప్రపంచంలో చాలా తక్కువ చోట్ల దొరుకుతుంది.

మంచు_మిన్నెసోటా, మినియాపొలిస్ (అక్టోబర్ 26)

అమెరికా నుంచి ఒక మాట. 1825 నుంచి నార్వేవాళ్లు లక్షల్లో ఇటు వలస వచ్చారు, మా రాష్ట్రంలో వాళ్ల సంతతి చాలా ఎక్కువ. అక్టోబర్ వచ్చిందంటే లూథరన్ చర్చిల్లో లూటెఫిస్క్ విందులు మొదలవుతాయి. టికెట్ కొనుక్కుని పొడుగాటి బల్లల దగ్గర కూర్చుంటే గిన్నెలు చేతులు మారుతూ వస్తాయి. మా కొలీగ్ తీసుకెళ్తే నేనూ వెళ్లాను. చేప జెల్లీలా వణుకుతోంది. ఆ చర్చిలోని పెద్దవాళ్లు మాత్రం కళ్లు మూసుకుని ఆస్వాదిస్తూ తిన్నారు. ఉత్తరదిక్కు గారు చెప్పిన ఆ గట్టి చేపే ఇలా అవుతుందా?

ఓరుగల్లు_ఓస్లో, ఓస్లో (అక్టోబర్ 27)

అదే చేప అన్నా. ముందు వారం దాకా నీళ్లలో నానబెడతారు. తర్వాత రెండు మూడు రోజులు కాస్టిక్ సోడా నీళ్లలో, పూర్వం బర్చ్ కట్టెల బూడిద నీళ్లలో. ఆ క్షారం కండలోకి దిగి ప్రోటీన్‌ని వదులు చేస్తుంది, చేప ఉబ్బుతుంది. ఆ దశలో అది తినడానికి పనికిరాదు, ప్రమాదం. మళ్లీ రోజుల తరబడి నీళ్లు మారుస్తూ క్షారమంతా పోగొట్టాకే వండుతారు. 1555లో ఓలావుస్ మాగ్నుస్ అనే స్వీడన్ రచయిత దీని గురించి రాశాడు కాబట్టి కనీసం అప్పటి నుంచి ఉంది.

వణకడం గురించి: అది వండేవాళ్ల చేతిలో ఉంటుంది. నీళ్లు పోయకుండా, ఉప్పు చల్లి, మూత పెట్టి ఓవెన్‌లో పెడితే తన నీళ్లలో తనే ఉడుకుతుంది, పొరలు పొరలుగా విడుస్తుంది. ఎక్కువసేపు ఉంచితే కరిగిపోతుంది. రుచి దానికదే చాలా తక్కువ. అందుకే మీద వేడి బేకన్ కొవ్వు, పక్కన ముద్దగా ఉడికించిన బఠాణీ, ఆవపిండి ముద్ద. కొన్ని ఊళ్లలో బ్రూనోస్ట్ కూడా తురుముతారు. ఓస్లో రెస్టారెంట్లలో అక్టోబర్ నుంచి క్రిస్మస్ దాకా పెడతారు, ముందే బుక్ చేసుకోవాలి. నాకు చాలా ఇష్టం. మంచిచోట తినకుండా ఎవరూ దాన్ని తీసిపారేయొద్దని నా విన్నపం.

నెల్లూరు_చెల్లి, డ్రమ్మెన్ (నవంబర్ 12)

అక్కలూ అన్నలూ, అర్జెంట్. నాకు ఇప్పుడు ఐదో నెల. శుక్రవారం ఆఫీసు క్రిస్మస్ విందు, యూలెబోర్డ్ అంటున్నారు. రాక్‌ఫిస్క్ అనే పులియబెట్టిన చేప వస్తుందట. టెన్షన్‌గా ఉంది, ఏం తినొచ్చు?

బెర్గెన్‌వాన, బెర్గెన్ (నవంబర్ 12)

రాక్‌ఫిస్క్ వద్దమ్మా, ఒక్క ముక్క కూడా వద్దు. ట్రౌట్‌ని ఉప్పేసి, దాని నీళ్లలోనే చలిలో రెండు మూడు నెలలు, ఒక్కోసారి ఏడాది దాకా ఊరబెడతారు. ఉడికించకుండానే తింటారు. లిస్టీరియా అనే బ్యాక్టీరియా భయం వల్ల గర్భిణులు తినొద్దని ఇక్కడి ఆరోగ్యశాఖే చెప్తుంది. ఉప్పూ పంచదారా పట్టించిన పచ్చి సాల్మన్, చల్లగా పొగబెట్టిన సాల్మన్ కూడా అదే కోవ. వేడివేడిగా ఉడికినవి నిశ్చింతగా తినండి. మీ మంత్రసాని నర్సుని కూడా ఒకసారి అడగండి.

విందులో పద్ధతి ఏమిటంటే మొదటిసారి చేపలే తెచ్చుకుంటారు, తర్వాత పళ్లెం మార్చి చల్లటి మాంసాలు, ఆ తర్వాత మళ్లీ పళ్లెం మార్చి వేడివి. మీరు మొదటి రెండు దఫాలు బ్రెడ్, బంగాళాదుంపతో కానిచ్చి వేడివాటికి ఆగినా ఎవరూ ఏమీ అనుకోరు.

మిగతావాళ్లకి: రాక్‌ఫిస్క్‌కి పేరున్నది వాల్డ్రెస్ లోయ. ఫాగెర్నెస్ పట్టణంలో ప్రతి శరత్కాలంలో దానికోసం ఉత్సవమే జరుగుతుంది. లెఫ్సె అనే మెత్తటి పల్చటి రొట్టెలో పెట్టి, పుల్లటి మీగడ, పచ్చి ఉల్లిపాయతో చుట్టుకుని తింటారు. వాసన గట్టిగా ఉన్నా రుచి అంత ఘాటు కాదు.

కృష్ణాతీరం, స్టవాంగర్ (డిసెంబర్ 3)

మా అత్తగారు వచ్చారు. పక్కింటి పెద్దావిడ 24న అందర్నీ పిలిచారు. వాళ్లింట్లో పిన్నెషోట్ అట. మావారి ఆఫీసులో ఓస్లో వాళ్లేమో రిబ్బె లేకపోతే క్రిస్మస్సే కాదంటున్నారు. ఏది ఏమిటి?

ఓరుగల్లు_ఓస్లో, ఓస్లో (డిసెంబర్ 3)

రిబ్బె అంటే పంది పక్కటెముకల ముక్క, తోలుతో సహా. దేశంలో దాదాపు సగం ఇళ్లలో 24 రాత్రి ఇదే. తోలు మీద చదరపు గీతలు కోసి, ఉప్పు, మిరియం పట్టించి రెండు మూడు రోజులు ఫ్రిజ్‌లో ఉంచుతారు. వండేటప్పుడు కింద బోర్లించిన పళ్లెం పెడతారు, మధ్య భాగం పైకి లేచి కొవ్వు పక్కలకి జారిపోవాలి కదా. మొదట నీళ్లు పోసి, రేకు కప్పి ముప్పావు గంట ఆవిరిలో పెడితే గీతలు విచ్చుకుంటాయి. తర్వాత రేకు తీసి గంటల కొద్దీ కాల్చాలి. తోలు బుడగలు లేచి, విరిస్తే టప్పున విరగాలి. ఆ రోజు ఇంటికి ఫోన్ చేసిన ప్రతివాళ్లూ మొదట అడిగేది తోలు బాగా వచ్చిందా అని. పక్కన కారవే గింజలు (జీలకర్రలా ఉంటాయి) వేసిన పుల్లటి క్యాబేజీ.

బెర్గెన్‌వాన, బెర్గెన్ (డిసెంబర్ 3)

పిన్నెషోట్ మా పడమటివాళ్లది, మూడో వంతు ఇళ్లలో ఉంటుంది. కృష్ణాతీరం గారికి ఇదే నయం, గొర్రె మాంసం కాబట్టి. పక్కటెముకల్ని శరత్కాలంలోనే ఉప్పులో ఊరబెట్టి ఎండబెడతారు, కొందరు పొగ కూడా బెడతారు. పడమటి తీరం తడిగా ఉంటుంది, అక్కడ పంటకంటే గొర్రె మేత ఎక్కువ. తూర్పున ధాన్యం పండేది, పందుల్ని మేపడానికి వీలయ్యేది. ఈ రెండు వంటలూ ఆ నేలల తేడా వల్ల వచ్చినవే.

ముందురోజు పొద్దున్నే చల్లటి నీళ్లలో నానబెట్టాలి, ముప్పై గంటలదాకా. గిన్నె అడుగున తొక్క తీసిన బర్చ్ పుల్లలు అడ్డదిడ్డంగా పేర్చి, పుల్లల ఎత్తుకి నీళ్లు పోసి, మీద మాంసం పెట్టి మూడు గంటలు ఆవిరి పట్టించాలి. నీళ్లు అయిపోకుండా చూస్తుండాలి. పక్కన కోల్‌రోట్ అనే పసుపుపచ్చ దుంపని ఉడికించి, మెదిపి, మాంసం కింద దిగిన కొవ్వు కలిపి పెడతారు. అందుకని అత్తగారికి ఆ దుంప ముద్ద కొంచెం విడిగా తీయమని ముందే చెప్పండి.

రిబ్బె మంచిదే తమ్ముడూ, కాదనను. కానీ పిన్నెషోట్ ఎముక చేత్తో పట్టుకుని కొరికినప్పుడు వచ్చే ఆ ఉప్పటి రుచికి సాటి లేదు.

పప్పుచారు, ట్రోన్‌హైమ్ (డిసెంబర్ 5)

అత్తగారి కోసం మాట ఇచ్చాను కదా.

నిశ్చింతగా పెట్టగలిగింది రోమ్మెగ్రోట్, అంటే పుల్లటి మీగడతో చేసే జావ. పూర్వం వేసవి పాడి బాగున్నప్పుడు, జూన్ 23 రాత్రి మంటలు వేసుకునే పండగకి, పెళ్లిళ్లకి చేసేవాళ్లు. ఇంట్లో ఎప్పుడైనా చేసుకోవచ్చు. 35 శాతం కొవ్వున్న పుల్లటి మీగడే కొనాలి, తక్కువ కొవ్వుది విరిగిపోతుంది. దాన్ని పది నిమిషాలు మరిగించి, కొంచెం కొంచెంగా మైదా జల్లుతూ కలుపుతుంటే కాసేపటికి అంచుల వెంట బంగారు రంగు వెన్న తేలుతుంది. అది గరిటెతో తీసి పక్కన పెట్టుకోండి. మిగిలిన పిండి, తర్వాత వేడి పాలు, ఉప్పు. చివర్న ఆ వెన్న మీద పోసి దాల్చినచెక్క పొడి, చక్కెర చల్లాలి. మామూలుగా పక్కన ఎండు మాంసం పెడతారు, అది వద్దని చెప్తే చాలు.

23న, 24న తినే బియ్యం జావలోనూ గుడ్డు లేదు. బియ్యం, పాలు, ఉప్పు, మధ్యలో గుంట చేసి వెన్నముద్ద. అందులో ఒక్క బాదం పప్పు దాస్తారు, ఎవరి గిన్నెలో వస్తే వాళ్లకి మార్జిపాన్ (బాదం ముద్ద మిఠాయి) పంది బొమ్మ బహుమతి. ఆ మార్జిపాన్‌లో తెల్లసొన ఉండొచ్చు, బాదం ఆవిడకే వస్తే బొమ్మ మీ పాపకి ఇప్పించండి. మిగిలిన జావలో గిలక్కొట్టిన మీగడ కలిపి ఎర్రటి పండ్ల రసంతో తినేదీ గుడ్డు లేనిదే.

జాగ్రత్త పడాల్సింది బిస్కెట్ల దగ్గర. క్రిస్మస్‌కి ఏడు రకాలు చేయాలని ఆచారం, ఏ ఏడో ఇంటింటికీ మారుతుంది. చాలావాటిలో గుడ్డుంటుంది, నూనెలో వేయించినట్టు కనిపించేవి పంది కొవ్వులో వేయించినవి కావచ్చు. సిరుప్‌స్నిప్పర్ అనే అల్లం, మిరియం వేసిన పాకం బిస్కెట్లలో పిండిలో గుడ్డు ఉండదు, కాకపోతే పైన బాదం పలుకు అంటించడానికి తెల్లసొన వాడతారు. ఇంట్లో చేసుకుంటే నీటితో అంటించొచ్చు. పుల్లటి క్యాబేజీలోనూ పంది కొవ్వు వేస్తారు, అడగండి.

కృష్ణాతీరం, స్టవాంగర్ (డిసెంబర్ 27)

మీ అందరి సలహాలతో చాలా బాగా జరిగింది. సాయంత్రం ఐదింటికి చర్చి గంటలు మోగగానే పెద్దావిడ కొవ్వొత్తులు వెలిగించి అందర్నీ బల్ల దగ్గరికి పిలిచారు. అత్తగారి కోసం విడిగా రోమ్మెగ్రోట్ చేసి ఉంచారు, నేను అడగడమే ఆలస్యం. ఆవిడ మీగడ మరిగే దగ్గర నిలబడి మొత్తం చూశారు, తర్వాత అది వెన్నపూస కాదు నెయ్యే అవుతోందని ఇద్దరూ చేతుల సైగలతోనే చాలాసేపు మాట్లాడుకున్నారు. పిన్నెషోట్ ఉప్పగా ఉంది, కానీ ఆ దుంప ముద్దతో కలిపితే సరిపోయింది.

ఇక మీదట ఏమొస్తాయి? ఇప్పుడే చెప్పేస్తే సిద్ధంగా ఉంటాను.

ఉత్తరదిక్కు, ట్రొమ్సో (జనవరి 21)

ఇవాళే రాయాలని ఆగాను. మా ఊళ్లో సూర్యుడు తిరిగొచ్చే రోజు ఇది. లెక్క ప్రకారం జనవరి మధ్యలోనే దిగంతం పైకి వచ్చినా కొండలు అడ్డుండటం వల్ల 21న కనిపిస్తాడు. పొద్దున్నుంచి బేకరీల ముందు క్యూలు. అందరూ సూర్యుడి బన్నులు కొంటారు, జామ్ నింపి నూనెలో వేయించి పంచదార అద్దినవి. స్కూలు పిల్లల్ని బయటికి తీసుకొచ్చి చేతిలో బన్ను పెడతారు.

దీని తర్వాత ఈస్టర్‌కి ఏడు వారాల ముందు ఆదివారం ఫాస్టెలావ్న్. యాలకుల పొడి వేసిన బన్ను కోసి మధ్యలో మీగడ, జామ్. ఈస్టర్‌కి కొండ మీది క్యాబిన్లకి వెళ్తారు, సంచిలో నారింజలు, క్విక్ లుంశ్ అనే చాక్లెట్ తప్పనిసరి. అది 1937 నుంచి ఉంది. చలికాలమంతా పండు చూడని రోజుల్లో మంచు మీద కూర్చుని నారింజ వలవడం గొప్ప సుఖం, ఆ అలవాటు అలాగే నిలిచింది. మే 17 రాజ్యాంగ దినం, ఆ ఒక్కరోజు పిల్లలు అడిగినన్ని ఐస్‌క్రీములు, సాసేజ్‌లు. జూన్ ఆఖరు నుంచి ఇక్కడి స్ట్రాబెరీలు, కొత్త బంగాళాదుంపలు, ఓడరేవులో అప్పుడే ఉడికించి తెచ్చిన రొయ్యలు.

ఆగస్టులో మూల్టె. చిత్తడి నేలల్లో మొక్కకి ఒక్కటే పండు, నారింజ రంగులో, దోమలు కుడుతుండగా ఒంగి ఏరుకోవాలి. దాచి, క్రిస్మస్‌కి గిలక్కొట్టిన మీగడలో కలుపుతారు.

కృష్ణాతీరం, స్టవాంగర్ (జనవరి 22)

మూల్టె మేమూ ఏరుకోవచ్చా? ఆగస్టులో లోఫోటెన్ వెళ్లాలనుకుంటున్నాం. ఎవరి పొలమో ఏమిటో అని భయం.

ఉత్తరదిక్కు, ట్రొమ్సో (జనవరి 22)

1957 నాటి చట్టం ప్రకారం కంచె లేని అడవుల్లో, కొండల్లో ఎవరైనా తిరగొచ్చు, పండ్లు, పుట్టగొడుగులు ఏరుకోవచ్చు. మూల్టెకి మాత్రం నూర్‌లాండ్, ట్రొమ్స్, ఫిన్‌మార్క్‌లలో ప్రత్యేక నియమం ఉంది. లోఫోటెన్ నూర్‌లాండ్‌లోనే వస్తుంది. మూల్టె పండే ప్రైవేటు నేలలో యజమాని వద్దని చెప్తే గిన్నెలోకి ఏరకూడదు. బోర్డు ఉందేమో చూడండి, దగ్గర్లో ఇల్లుంటే తలుపు తట్టి అడగండి. అక్కడికక్కడ నోట్లో వేసుకోవడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు. పొడుగు చేతుల చొక్కాలు, పాపకి రబ్బరు బూట్లు తీసుకెళ్లండి.